చూడకూడని టేబుల్ చూశాక

ఈసారి ఉత్తరం రాసినామె ఒక విశ్వవిద్యాలయ క్లినికల్ ట్రయల్స్ యూనిట్‌లో ట్రయల్ మేనేజర్. పేరు, ఊరు వద్దన్నారు. ఉత్తరం చాలా పొడుగ్గా ఉంది కాబట్టి సారాంశం మాత్రం చెబుతాను.

గుండె వైఫల్యంతో ఆస్పత్రిలో చేరి, కోలుకుని ఇంటికెళ్లినవాళ్ల మీద జరుగుతున్న ట్రయల్ అది. ర్యాండమైజేషన్‌లో, అంటే లాటరీ తీసినట్టు రెండు గ్రూపులుగా పంచడంలో, ఒక గ్రూపుకు మామూలు వైద్యమే. రెండో గ్రూపుకు దానితోపాటు ఒక నర్సు వారం వారం ఫోన్ చేసి బరువు, కాళ్ల వాపు, ఆయాసం, మందులు ఎలా వాడుతున్నారో కనుక్కుంటుంది. ఆరు నెలల్లో చనిపోవడం గానీ, మళ్లీ ఆస్పత్రి పాలవడం గానీ ప్రైమరీ ఔట్‌కమ్, అంటే ట్రయల్ ప్రధానంగా లెక్కించే ఫలితం. మూడో ఏడు నడుస్తోంది. చేరాల్సినవాళ్లలో సగం కంటే కాస్త ఎక్కువ మందే చేరారు. గ్రాంటు గడువు ముంచుకొస్తోంది, ఈమె జీతం ఆ గ్రాంటులోంచే.

ట్రయల్‌కు నాయకత్వం వహించే చీఫ్ ఇన్వెస్టిగేటర్ ఒకప్పుడు ఈమెకు పాఠాలు చెప్పిన ప్రొఫెసరు. ఈ ఉద్యోగంలోకి రమ్మన్నదీ ఆయనే. ప్రైమరీ ఔట్‌కమ్ మార్చేద్దామని ఆయన కొంతకాలంగా అంటున్నారు. మరణాలు, అడ్మిషన్ల బదులు మూడు నెలలప్పుడు రోగి స్వయంగా నింపే జీవన నాణ్యత స్కోరు పెట్టుకుంటే తక్కువమంది సరిపోతారు, ఉన్నవాళ్లతోనే ముగించొచ్చు అని ఆయన లెక్క. ఆ మార్పుకు అనుమతి కోరే అమెండ్‌మెంట్ కాగితాలు తయారుచేసే పని ఈమెకే అప్పజెప్పారు.

ఇంతలో యూనిట్‌లో కొత్తగా చేరిన జూనియర్ స్టాటిస్టీషియన్, ట్రయల్ నడుస్తుండగానే ఫలితాలను గుట్టుగా పరిశీలించే డేటా మానిటరింగ్ కమిటీ సమావేశం కోసం చేసిన రిపోర్టుల్లో, ట్రయల్ బృందం చూడదగిన ఓపెన్ రిపోర్టు పంపబోయి కమిటీ మాత్రమే చూడాల్సిన క్లోజ్డ్ రిపోర్టు ఈమెకు మెయిల్ చేశాడు. గ్రూపులవారీగా మరణాలు, అడ్మిషన్లు అన్నీ అందులో ఉన్నాయి. గ్రూపులకు ఏ, బీ అని మారుపేర్లు పెట్టినా, నర్సు ఫోన్ల లెక్క ఒకవైపే కనబడుతుంది కాబట్టి ఏది ఏదో ఇట్టే తెలిసిపోయింది. కాసేపటికే అతను పరుగెత్తుకొచ్చి, "అక్కా, డిలీట్ చేసెయ్, ఎవరికీ చెప్పకు, నా ప్రొబేషన్ ఇంకా పూర్తవలేదు" అని బతిమాలాడు. ఈమె డిలీట్ చేశారు, ఎవరికీ చెప్పలేదు. తర్వాతి వారం ప్రొఫెసరు కారిడార్‌లో ఆపి, "నీకు తెలిసే ఉంటుందిగా, ఎటు మొగ్గుతోందమ్మా?" అని అడిగారు. "తెలియదు సార్" అన్నారు. ఆయన నమ్మినట్టు లేదు. అప్పట్నుంచి ముభావంగా ఉంటున్నారు.

"ఆ కుర్రాణ్ని బయటపెట్టాలా, సార్‌కి ఎదురు చెప్పాలా, నోరు మూసుకుని కాగితాలు తయారుచేయాలా? ఏది చేసినా ఎవరో ఒకరికి ద్రోహమే అనిపిస్తోంది" అని ముగించారు.

*

ముందుగా ఒక మాట. మీరు అంత పెద్ద ఉత్తరంలో ఆ టేబుల్ ఎటు మొగ్గిందో ఒక్క అక్షరం కూడా బయటపెట్టలేదు. నాలాంటి బయటివాడికి కూడా చెప్పకుండా ఆపుకున్నారంటే, ఇందులో ఏది ముఖ్యమో మీకు ఎవరూ కొత్తగా నేర్పాల్సిన పనిలేదు. భయం వల్ల మూడు నాలుగు విషయాలు ముడిపడిపోయాయి, అంతే. విడదీసి చూద్దాం.

అన్నిటికంటే పెద్దదిగా మీకు కనిపిస్తున్నది ఔట్‌కమ్ మార్పు. ఆయన చెప్పింది తప్పు పని అనీ, తప్పు పనికి మిమ్మల్ని వాడుకుంటున్నారనీ మీ వాక్యాల వెనక అనుమానం ఉంది. నిజానికి నడుస్తున్న ట్రయల్‌లో ప్రైమరీ ఔట్‌కమ్ మార్చడం నేరం కాదు. కారణం ఉంటే మార్చొచ్చు. ట్రయల్‌ను పర్యవేక్షించే స్టీరింగ్ కమిటీ ఒప్పుకోవాలి, ట్రయల్ బాధ్యత తీసుకున్న సంస్థ (స్పాన్సర్), ఎథిక్స్ కమిటీ ఆమోదించాలి, ట్రయల్ వివరాలు అందరికీ కనబడేలా నమోదయ్యే రిజిస్ట్రీలో తేదీతో సహా కొత్త వివరం ఎక్కాలి. ట్రయల్ మొదలయ్యాక ఔట్‌కమ్ మారితే ఏం మారిందో, ఎందుకు మారిందో పేపర్లో చెప్పమని, ట్రయల్ ఫలితాలు ఎలా రాయాలో చెప్పే కాన్సార్ట్ మార్గదర్శకాలు అడుగుతాయి. మార్పులు జరుగుతాయని తెలిసే ఆ నియమం పెట్టారు.

తేడా అంతా ఒక్కచోట ఉంది. మార్చాలని అనుకున్నవాళ్లకు అప్పటికి గ్రూపులవారీ ఫలితాలు తెలుసా, తెలియదా? తెలియకుండా మారిస్తే అది డిజైన్‌ను సరిదిద్దుకోవడం. తెలిసి మారిస్తే, జవాబు పత్రాలు దిద్దాక ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులో నిర్ణయించినట్టు. కాగితాల మీద రెండూ ఒకేలా కనబడతాయి, అవే సంతకాలు, అదే ఫారం.

ఇప్పుడు మీ సంగతి చూడండి. ప్రొఫెసరుకు ఇప్పటికి ఏమీ తెలియదు. ఆయన ప్రతిపాదన మీకు ఆ మెయిల్ రాకముందు నుంచే ఉంది. అంటే ఆయన వైపు నుంచి అది శుభ్రంగానే ఉంది. దానిమీద మచ్చ పడేది ఎక్కడంటే, అమెండ్‌మెంట్ రాసే చేయి మీది కావడం వల్ల. ఆ ఫారంలో ఎక్కడో ఒకచోట "ఈ మార్పు గ్రూపులవారీ ఫలితాలు తెలియకుండా ప్రతిపాదించినది" అని రాయాల్సి వస్తుంది. ఆ వాక్యం డ్రాఫ్టు చేసేది మీరు. ఆయన నమ్మకంగా సంతకం పెడతారు. రేపెప్పుడో మెయిల్ సంగతి బయటికొస్తే, తెలియక పెట్టిన ఆ సంతకానికి సమాధానం చెప్పుకోవాల్సింది ఆయనే. మీ మౌనం సార్‌ని కాపాడుతోందని మీరనుకుంటున్నారు. కానీ ఆయన మీద తీరని అనుమానం పడే దారి ఏదైనా ఉందంటే అది ఆ మౌనమే.

బయటికి రాదులే అనుకోకండి. మీ ఇన్‌బాక్స్‌లో డిలీట్ చేసినంత మాత్రాన అతని సెంట్ ఫోల్డర్లో, సర్వర్లో ఉన్నది పోదు. ఆడిట్‌కు వచ్చినవాళ్లు క్లోజ్డ్ రిపోర్టు ఎవరెవరికి వెళ్లిందో అడగడం మామూలే. మీరు దాన్ని ఎవరికీ ఫార్వర్డ్ చేయకపోవడం మంచిది. కానీ ఏ రికార్డూ లేకుండా తుడిచేయడం, తర్వాత చూసేవాళ్లకు దాపరికంలాగే కనబడుతుంది.

ఇక ఆ టేబుల్. మీరు దాన్ని మోయలేని రహస్యంలా మోస్తున్నారు, ట్రయల్ ఫలితం మీ చేతికి వచ్చేసినట్టు. అందులో ఉన్నది నిజం కాకపోవచ్చు. ఊబకాయానికి వాడే నాల్ట్రెక్సోన్, బ్యుప్రోపియాన్ కలిపిన మందు గుండెకు సురక్షితమేనా అని తేల్చడానికి లైట్ అనే ట్రయల్ జరిగింది. 8,910 మంది చేరారు. అనుకున్న గుండె సంఘటనల్లో నాలుగోవంతు జరిగేసరికి చూసిన మధ్యంతర లెక్కలో మందు తీసుకున్నవాళ్లలో అవి 41 శాతం తక్కువ. గుట్టుగా ఉండాల్సిన ఆ అంకె 2015లో ఒక పేటెంటు పత్రం ద్వారా బయటపడింది. సగం సంఘటనలు పూర్తయ్యేసరికి ఆ 41 కాస్తా 12 అయింది, అదీ ఖాయంగా మేలు అనడానికి వీల్లేనంత వెడల్పు అనిశ్చితితో. కానీ అప్పటికే రహస్యం చెదిరిపోయింది. ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. అన్ని వేలమంది పాల్గొన్న ప్రశ్నకు ఆ ట్రయల్ నుంచి తిన్నగా జవాబు దొరకలేదు.

తొలి అంకెలు అలా ఊగుతాయి. అందుకే వాటిని చూసే పని కొద్దిమందికే ఇస్తారు. మధ్యంతర విశ్లేషణ పూర్తి గోప్యంగా ఉండాలనీ, ట్రయల్ నడిపే సిబ్బందికి దాని ఫలితాలు తెలియకూడదనీ 1998 నాటి ఐసీహెచ్ ఈ9 అనే అంతర్జాతీయ మార్గదర్శకం స్పష్టంగా చెబుతుంది. మీరు చూసినది మీ తప్పు కాదు, వచ్చిన మెయిల్ తెరవడం మీ ఉద్యోగం. అయితే చూశాక మీ రోజువారీ పనులు కొన్ని మునుపటిలా ఉండవు. ఇది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మీది ఎవరికి ఫోన్ వెళ్తోందో అందరికీ తెలిసే ట్రయల్. అలాంటిచోట ప్రతి అడ్మిషన్ నిజంగా గుండె వైఫల్యం వల్లేనా అని తేల్చడానికి గ్రూపు తెలియని డాక్టర్ల కమిటీ ఒకటి సాధారణంగా ఉంటుంది. వాళ్లకు డిశ్చార్జి సమ్మరీలు పంపేముందు, నర్సు ఫోన్ చేసిందనే ప్రస్తావన ఎక్కడున్నా కొట్టేసి పంపాలి. ఆ ప్యాకెట్లు సర్దే పని చాలా యూనిట్లలో ట్రయల్ మేనేజర్‌దే. ఏ కేసుకు ఇంకో కాగితం తెప్పించాలి, దేన్ని ఉన్నదున్నట్టు పంపాలి అనేది మీ చేతిలో ఉంటుంది. ఆరో నెల ఫాలో అప్‌కు దొరకనివాళ్లను ఏ సైట్‌లో ఎంత గట్టిగా వెతికించాలనేదీ అంతే. మీరు పక్షపాతం చూపుతారని కాదు. మనసు ఎటో మొగ్గాక చేయి ఎటు మొగ్గుతుందో మనకే తెలియదు. కాబట్టి మీరు ఏ దారి ఎంచుకున్నా, ఈ రెండు పనులు వేరేవాళ్లకు అప్పగించే ఏర్పాటు అందులో ఉండాలి.

దారులు నాకు కనబడినంతవరకు నాలుగు.

ఏమీ చెప్పకుండా కాగితాలు తయారుచేయడం ఒకటి. దాని ఫలితం పైన చెప్పాను. ఇవాళ్టికి అందరూ హాయిగా ఉంటారు. ప్రొఫెసరు ముభావం తగ్గుతుంది, కుర్రాడి ప్రొబేషన్ గడుస్తుంది. పేపరు అచ్చయ్యేదాకా, అచ్చయ్యాక కూడా, ఆ మెయిల్ మీతోనే ఉంటుంది.

ఏమీ చెప్పకుండా కాగితాల పని నుంచి మాత్రం తప్పుకోవడం రెండోది. సెలవు పెట్టడమో, పని ఒత్తిడి అనడమో. మీ ఉత్తరంలో ఈ ఆలోచన వాసన తగిలింది. ఇది మొదటిదానికంటే గౌరవంగా అనిపిస్తుంది గానీ పెద్దగా ఒరిగేదేమీ లేదు. అమెండ్‌మెంట్ ఇంకొకరు రాస్తారు, మంచిదే. కానీ ప్యాకెట్లు, ఫాలో అప్‌లు మీ దగ్గరే ఉంటాయి. క్లోజ్డ్ రిపోర్టు తప్పు చేతికి వెళ్లిందన్న సంగతి డేటా మానిటరింగ్ కమిటీకి తెలియకుండానే ఉంటుంది. పైగా సార్ దాన్ని మొండితనంగా అర్థం చేసుకుంటారు.

మూడోది, యూనిట్ సీనియర్ స్టాటిస్టీషియన్‌కు గానీ, క్వాలిటీ అష్యూరెన్స్ చూసేవారికి గానీ జరిగింది చెప్పి రికార్డు చేయించడం. ఎప్పుడు వచ్చింది, ఏ రిపోర్టు, ఎంతసేపు తెరిచారు, ఎవరికైనా చెప్పారా, ఇన్నాళ్లు ఎందుకు ఆగారు. అంతే. అంకెలు ఏమిటో ఆ నోటులో రాయకూడదు, నోటితో కూడా చెప్పకూడదు. వాళ్లు కమిటీ ఛైర్మన్‌కూ, స్పాన్సర్‌కూ తెలియజేస్తారు. మీ పనుల్లో కొన్ని మారుస్తారు. ఔట్‌కమ్ మార్పు చర్చ జరిగే సమావేశాల్లో మీరు ఉండరు. కొన్నాళ్లు ఇబ్బందిగానే ఉంటుంది, అది దాచను. ఆలస్యంగా చెప్పినందుకు ఒక మాట పడాల్సి రావచ్చు. అయితే ట్రయల్ దీనివల్ల ఆగిపోదు. ట్రయల్ బృందంలో ఒకరు పొరపాటున ఫలితాలు చూశారు, తర్వాత ఈ జాగ్రత్తలు తీసుకున్నారు అని రాతలో ఉన్న ట్రయల్‌ను రిజిస్ట్రీ చూసినా, జర్నల్ రివ్యూ చేసినా నిలబెట్టుకోవచ్చు.

నాలుగోది, యూనిట్‌ను దాటి నేరుగా స్పాన్సర్ దగ్గరికో ఎథిక్స్ కమిటీ దగ్గరికో వెళ్లడం. యూనిట్‌లో చెప్పాక కూడా "ఎందుకమ్మా ఇదంతా, వదిలెయ్" అంటే ఆ దారి తెరిచే ఉంది, అప్పుడు తొక్కాల్సిందే. మొదటి అడుగే అదైతే మాత్రం, పరిష్కరించగలిగినవాళ్లకు ఆ అవకాశం ఇవ్వకుండా వాళ్లమీద ఫిర్యాదు చేసినట్టవుతుంది.

నా మొగ్గు మూడోదాని వైపని మీకు అర్థమయ్యే ఉంటుంది. అందులో మీకు గుచ్చుకునేది ఆ కుర్రాడి సంగతి. అతను మిమ్మల్ని అక్కా అన్నాడు కాబట్టి బరువు ఇంకా పెరిగింది. మీరు ఒంటరిగా వెళ్లక్కర్లేదు. ముందు అతనితో మాట్లాడండి. "నేను చెప్పబోతున్నాను, నువ్వే ముందు చెబితే నీకు మంచిది, కావాలంటే ఇద్దరం కలిసి వెళ్దాం" అనండి. ఒకటి రెండు రోజులు టైమివ్వండి, అంతకంటే వద్దు. తప్పు మెయిల్ పంపి వెంటనే చెప్పిన జూనియర్‌ను ఏ సీనియర్ స్టాటిస్టీషియనూ తీసిపారేయడు. దాచినవాడినే నమ్మడు. అయినా ఇందులో అతని వేలు జారడం ఎంతో, యూనిట్ పద్ధతి లోపమూ అంత. క్లోజ్డ్ రిపోర్టు పాస్‌వర్డ్ లేకుండా మెయిల్‌లో వెళ్లగలగడం ఏమిటి? ఓపెన్, క్లోజ్డ్ ఫైళ్లు పక్కపక్కన దాదాపు ఒకే పేరుతో ఉండటం ఏమిటి? కొత్తగా చేరినవాడు ఒక్కడే పంపడం ఏమిటి? మీ నోటులో ఈ ప్రశ్నలు కూడా ఉండనివ్వండి. అప్పుడు చర్చ మనిషి మీద కాకుండా పద్ధతి మీదికి మళ్లుతుంది, మళ్లాల్సింది కూడా అటే.

ఇక సార్. ఆయన మీద నాకు మీకున్నంత అనుమానం లేదు. మూడేళ్ల పని గ్రాంటుతోపాటు ఆవిరైపోతుందేమోనని భయపడుతున్న మనిషి కారిడార్‌లో అడగకూడని ప్రశ్న అడిగారు. ఆయన ముభావం వెనక, నా ట్రయల్‌లో నాకే తెలియనివ్వరా అన్న కష్టం కూడా ఉంటుంది. చీఫ్ ఇన్వెస్టిగేటర్లు చాలామంది దీన్ని అవమానంగా తీసుకుంటారు. 1948లో అచ్చయిన స్ట్రెప్టోమైసిన్ ట్రయల్‌లోనే, తర్వాత చేరబోయే క్షయ రోగి ఏ గ్రూపులో పడతాడో డాక్టర్లకు తెలియకుండా గణాంకవేత్త బ్రాడ్‌ఫర్డ్ హిల్ మూసిన కవర్లు వాడారు. డాక్టర్లు మోసగాళ్లని కాదు. మంచి డాక్టరు కూడా తెలిస్తే వేరేలా ఎంచుకుంటాడని.

తెలియకపోవడం ఆయనకు నష్టం కూడా కాదు. తల దెబ్బతిన్నవాళ్లకు స్టెరాయిడ్ ఇవ్వడం మంచిదా అని తేల్చడానికి క్రాష్ అనే పెద్ద ట్రయల్ జరిగింది. 20,000 మందిని చేర్చాలనుకున్నారు. 10,008 మంది చేరాక 2004 మేలో ఆపేశారు. డేటా మానిటరింగ్ కమిటీ లెక్కలు చూసి స్టీరింగ్ కమిటీకి చెప్పింది. రెండు వారాల్లో చనిపోయినవాళ్లు స్టెరాయిడ్ గ్రూపులో 21.1 శాతం, రెండో గ్రూపులో 17.9. దశాబ్దాలుగా మేలనుకుని ఇచ్చిన మందు అది. చెప్పాల్సిన అవసరం వచ్చినప్పుడు కమిటీ చెబుతుంది. చెప్పలేదంటే ఇంకా ప్రశ్న తెరిచే ఉందని అర్థం.

అయితే ఆయన అడగగలిగినవీ ఉన్నాయి, అవి ఆయనకు ఎవరూ గుర్తుచేసినట్టు లేదు. రెండు గ్రూపులూ కలిపి మొత్తం ఎన్ని సంఘటనలు జరిగాయో ఆయన చూడొచ్చు. అనుకున్నదానికంటే ఎక్కువగా జరుగుతుంటే తక్కువమందితోనే సరిపోవచ్చు, తక్కువైతే ఫాలో అప్ పొడిగించడం గురించి ఆలోచించాలి. ఏ సైట్‌లో స్క్రీనింగ్ లాగ్ ఏం చెబుతోంది, అర్హులు దొరకడం లేదా, దొరికీ ఒప్పుకోవడం లేదా అన్నది చూడొచ్చు. ఇంకా జనం చేరినా తేడా తేలే అవకాశం ఉందా అని కమిటీనే పరిశీలించమని కోరొచ్చు.

ఆ స్కోరు గురించి మాత్రం, మెయిల్ సంగతి పూర్తిగా పక్కనపెట్టినా, నాకు అభ్యంతరం ఉంది. వారం వారం ఒక నర్సు ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగితే, ఎలా ఉన్నారన్న ప్రశ్నాపత్రంలో ఎవరైనా కాస్త ఎక్కువే మార్కులు వేస్తారు. అది గుండె బాగుపడటమో, పలకరింపు వల్ల వచ్చిన ఊరటో చెప్పలేం. మరణం, అడ్మిషన్ అలా కాదు. గ్రూపు దాచలేని ట్రయల్‌లో ప్రైమరీ ఔట్‌కమ్‌ను గట్టి దాన్నుంచి మెత్తటిదానికి మారిస్తే స్టీరింగ్ కమిటీ ఇదే అడుగుతుంది. మార్చక తప్పకపోతే మొదటి అడ్మిషన్ మాత్రమే కాకుండా అన్ని అడ్మిషన్లూ లెక్కించడమో, బతికి ఆస్పత్రి బయట గడిపిన రోజులు లెక్కించడమో ఆలోచించదగ్గవి. గుండె వైఫల్యం ట్రయల్స్‌లో రెండూ వాడుతున్నవే. కానీ ఈ మాట ఆయనకు చెప్పాల్సింది మీరు కాదు, అంకెలు చూడని స్టాటిస్టీషియన్. మీరిప్పుడు ఏ ఔట్‌కమ్ మంచిదన్నా, మీరు చూసినది అందులో తొంగిచూస్తుంది. ఆయన మీ మొహం చదవగలిగిన గురువు కూడా.

"తెలియదు సార్" అన్నారని బాధపడుతున్నారు. దాన్ని మీరే వెళ్లి సరిచేసి "తెలుసు సార్" అనొద్దు. యూనిట్ డైరెక్టరే ఆయనకు లాంఛనంగా, సీనియర్ స్టాటిస్టీషియన్ సమక్షంలో చెప్పేలా చూడండి. ఆ తర్వాత ఆయన మళ్లీ అడిగితే, "నాతో ఆ మాట వద్దు సార్, మీ అమెండ్‌మెంట్ మీదికే వస్తుంది" అంటే సరిపోతుంది. ఆయన మంచివాడైతే అక్కడితో ఆగుతారు. ఆగకపోతే తేదీతో రాసిపెట్టుకోండి.

కాంట్రాక్టు గురించి నేను ధైర్యం చెప్పలేను. గ్రాంటు పొడిగింపు రాకపోతే మీ పోస్టుకు ముప్పే, మీరు చెప్పినా చెప్పకపోయినా. యూనిట్‌లో వేరే ట్రయల్‌కు కొంత సమయం మార్చే వీలుందా అని డైరెక్టర్‌ను ఇప్పుడే అడగండి. ప్యాకెట్ల పని ఎలాగూ మీ చేతిలోంచి తీస్తారు కాబట్టి అది అడగడానికి సహజమైన సందర్భం కూడా.

డేటా మానిటరింగ్ కమిటీ ఈ నెలాఖరున కూర్చుంటుందని రాశారు. మీరు చెప్పేది దానికి ముందే చెప్పండి. అప్పుడు ఛైర్మన్ అదే సమావేశంలో దీన్ని మినిట్స్‌లోకి ఎక్కించగలరు. అమెండ్‌మెంట్ డ్రాఫ్టు ఫైలు అప్పటిదాకా తెరవకండి.